ఏడ్వని తగరం

కరోనాకు ముందటి ఏడాది, చలికాలం మొదట్లో జరిగిన సంగతి ఇది. జనగామలో స్టేషన్ నుంచి బజారుకు పోయే దారిలో మాది చిన్న దుకాణం. ముందు సగంలో ఇత్తడి, రాగి పాత్రలు అమ్ముతాను. వెనక సగంలో కొలిమి ఉంటుంది. ఇత్తడి గిన్నెల లోపల కళాయి వేయడం మా తాతల నాటి పని. స్టీలు, అల్యూమినియం వచ్చాక మా కొలిమి దాదాపు చల్లారింది. మళ్లీ ఈమధ్య జనం ఆరోగ్యం పేరు చెప్పి అటకల మీది ఇత్తడిని కిందికి దించుతున్నారు. టేకుమట్ల వైపు నుంచి కూడా గిన్నెలు మూట కట్టుకొని బస్సెక్కి వచ్చేవాళ్లున్నారు.

కళాయి అంటే తెలియని వాళ్లకోసం రెండు మాటలు. వట్టి ఇత్తడిలో పులుపు పోస్తే చిలుము పడుతుంది, తిన్నవాళ్లకు కడుపులో తిప్పుతుంది. అందుకని గిన్నెను కొలిమి మీద కాల్చి నవసాగరం చల్లుతాం. దీన్ని ఫ్లక్స్ అంటారు, లోహం మీది మురికిని కొరికేసే పొడి. ఆ వేడికి తగరం కడ్డీ తాకిస్తే వెన్నలా కరుగుతుంది. దూదితో చుట్టూ తిప్పి రుద్దితే లోపలంతా వెండిలా మెరుస్తుంది. పులుపు ఇత్తడిని తాకకుండా ఆపేది ఆ పలచని తగరం పొరే.

నా చదువు ఎనిమిదో తరగతితో ఆగింది కానీ లెక్కల పిచ్చి ఆగలేదు. కుర్రతనంలో గ్లాసు నిండా నీళ్లు పోసి, తగరం ముక్క వేసి, పొర్లిన నీళ్లను తూచేవాణ్ని. తగరం తన చోటులో పట్టే నీళ్లకంటే ఏడింతల పైచిలుకు బరువు, సీసం పదకొండింతల పైచిలుకు అని అట్లా తెలుసుకున్నాను. "ఊరందరు సామాను తూస్తరు, నా కొడుకు నీళ్లు తూస్తడు" అని మా నాయన నవ్వేవాడు. ఆ నీళ్ల లెక్క ఒక పసిదానికి అక్కరకొస్తుందని ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.

ఆరోజు పొద్దున స్వరూప వచ్చింది. మా వీధి పిల్లే, మహబూబాబాద్‌లో ఇచ్చారు. పెళ్లికి వాళ్లమ్మ పెట్టిన ఇత్తడి గుండీకి, అదే వెడల్పు మూతి వంటగిన్నెకు, ఆ ఎండాకాలంలో కళాయి వేసింది నేనే. ఆ గుండీనే తెచ్చి గల్లా మీద ధడేలున పెట్టింది.

"యాకూబ్ చాచా, నీ కళాయి నా బిడ్డ పానం మీదికి తెచ్చింది."

"ఏందమ్మా, ఏమైంది? జర కూసో."

"కూసునే టైం లేదు. మా మేఘనకు నెలన్నర సంది కడుపునొప్పి. తినది, ఆడది, మొఖం తెల్లగ పాలిపోయింది. రకతం హైదరాబాద్ పంపితే సీసమున్నదని వచ్చింది. మా దవాఖాన మేడం బ్యాటరీలు అడిగింది, రంగులు అడిగింది, కంటికి పెట్టే సుర్మా అడిగింది. మా ఇంట్ల ఏవీ లెవ్వు. ఆఖరుకు వంట దేంట్ల జేస్తవని అడిగింది. కళాయేసిన ఇత్తడిల అంటే, గా ఏసినాయన్నే పోయి అడుగుమన్నది."

మేఘనకు ఆరేళ్లు. రిపోర్టు చూపించమన్నాను. ముప్పై ఎనిమిది మైక్రోగ్రాములని ఉంది. అంటే చిన్న టీ గ్లాసెడు రక్తంలో ఒక ఉప్పురవ్వకంటే తక్కువ సీసం. అంత చిన్న అంకె ఒక పిల్లను మంచం పట్టించడం నా లెక్కల్లో నేనెప్పుడూ చూడలేదు.

"మేడం మందు రాయలేదా?"

"రకతం పట్టే గోళీలిచ్చింది. సీసం ఎక్కడికెళ్లి వస్తుందో దొరకకపోతే ఎన్ని మందులు మింగినా ఒక్కటే అన్నది. గా సీసం లోపలికి పోవుడు ఆగితేనే బిడ్డ బతికి బట్టకడ్తది, లేకుంటే తెలివి కూడ మందగిస్తదట."

ఎండాకాలంలో హైదరాబాద్ నుంచి కొత్త తగరం తెచ్చాను. దాంట్లో ఎవరైనా సీసం కలిపి ఉంటే మేఘన ఒక్కతే కాదు, ఆ కడ్డీలతో కళాయి వేసుకున్న ప్రతి ఇంట్లోనూ ఒక మేఘన ఉన్నట్టే. గుండీ లోపల చూశాను. నా చెయ్యి చుట్టూ గుండ్రంగా తిరుగుతుంది. ఇందులో పూత అడ్డదిడ్డంగా ఉంది, అడుగున ముద్దలు కట్టి ఉంది. ఇది నా పని కాదని కన్ను చెబుతోంది. కానీ సొంత పని విషయంలో సొంత కన్నును నమ్మడం తప్పుడు తూకం. ముందు నా కడ్డీనే పరీక్షకు పెట్టాలనుకున్నాను.

మిగిలిన కడ్డీ ఒకటి తీసి ఆమె చెవి దగ్గర మెల్లగా వంచాను. కిర్రుమంది.

"గిదేంది, చప్పుడైతున్నది?"

"మంచి తగరం వంచితే ఏడుస్తదమ్మా. సీసం కలిపితే ఆ ఏడుపు పోతది."

"నా బిడ్డ రాత్రింబగళ్లు ఏడుస్తున్నది చాచా. నీ తగరం ఏడుస్తే నాకేంది?"

ఆమె అడిగింది న్యాయమే. అదీగాక కొద్దిపాటి సీసం కలిస్తే తగరం కొద్దిగా ఏడుస్తూనే ఉంటుంది. చెవి కాదంటే కాదు, ఔనంటే ఔను అని తేల్చలేదు. తేల్చేది కాంటాయే. పక్క దుకాణం వీరాచారిది, బంగారం పని. గుండీని కొద్దిగా కాల్చి, అడుగు ముద్దల్ని గీకి తీసి, నా కడ్డీ ముక్కతో పాటు అతని దగ్గరికి పట్టుకుపోయాను.

"బంగారం తూచే కాంటల తగరం తూస్తవా? నా కాంటా పరువు ఏంగావాలె భాయ్?" అన్నాడు వీరాచారి. వెనకనే వచ్చిన స్వరూప మొహం చూసి కాంటా మీది దుమ్ము తుడిచాడు.

అతని దగ్గర చిన్న గుంట ఉన్న ఇనుప దిమ్మె ఒకటి ఉంది. ముందు నా తగరం కరిగించి ఆ గుంట నిండా పోసి, పైన సమంగా గీసి, చల్లారాక తూచాం. ఏడు గ్రాముల మీద కొంచెం. ఆ గుంటలో పట్టే నీళ్లు ఒక గ్రాము. ఏడింతల పైచిలుకు, నా చిన్ననాటి లెక్కకు సరిగ్గా సరిపోయింది. నా తగరం నికరమైనది. తర్వాత అదే గుంటలో గుండీ నుంచి తీసింది పోశాం. చోటు అంతే, బరువు మాత్రం తొమ్మిదికి దగ్గరగా వచ్చింది. ఒట్టి సీసమైతే పదకొండు దాటాలి. దిమ్మె పక్కన సుద్దముక్కతో లెక్క వేశాను. బరువులో సగం తగరం, సగం సీసం.

"సగానికి సగమా!" అన్నాడు వీరాచారి. "గిది కళాయి కాదు భాయ్, సోల్డర్." సోల్డర్ అంటే లోహపు అతుకులు వేసే కడ్డీ. రేడియోలకూ బండ్ల రేడియేటర్లకూ వాడతారు, తిండి గిన్నెకు పనికిరాదు.

స్వరూప గోడకు ఒరిగి నిలబడింది. "నువ్వు ఏయకుంటె ఇంకెవలేసిన్రు చాచా? గుండీ మా ఇల్లు దాటలేదు."

"మీ అత్తకు ఫోన్ జెయ్యమ్మా. కళాయి పోయిందని ఎవరికన్న ఇచ్చిందేమో."

స్పీకర్ పెట్టి చేసింది. లచ్చమ్మ గొంతు ఉత్సాహంగానే వచ్చింది. "అయ్యో, దసరకు నువ్వు పుట్టింటికి పోయినప్పుడు మన రేడియేటర్ సోమన్న ఏసిండు గద. అడుగున జర ఇత్తడి తేలింది, మళ్ల మెరిపిచ్చిండు. పుణ్యాత్ముడు, ఊకెనే ఏసిండు."

కడుపునొప్పి మొదలైందీ దసరా తర్వాతనే.

నేనూ స్వరూపా మధ్యాహ్నం రైలుకే మహబూబాబాద్ పోయాం. నాకు ఇంకో లెక్క తేలలేదు. ఇంట్లో నలుగురు తింటే జబ్బు ఒక్క పిల్లకే ఎందుకొచ్చింది?

లచ్చమ్మ వంటింట్లో పొద్దున చేసిన పచ్చిపులుసు ఒక స్టీలు గిన్నెలో కనబడింది. గుండీ జనగామ పోయింది కాబట్టి ఆ ఒక్కరోజు స్టీలు. రోజూ ఎట్లా అని అడిగాను.

"పొద్దుగాల గుండీల కలిపిపెడ్త. పొద్దుమూకేదాక ఉంటది. ఒట్టి ఇత్తడైతే నేను పులుపు పొయ్యనే పొయ్య భాయ్, గా మాత్రం తెల్వదా? కళాయి ఉన్నది గద అని పోసిన."

"ఎవరెవరు తింటరు?"

"నా కొడుకు బయటనే తింటడు. నేను, కోడలు చల్లబువ్వ. మేఘనకే పానం. మాపటిజాముల గుండీ అడుగునున్నది గిలాసల పోసుకొని తాగుతది. నేనే పోస్త." చివరి మాట దగ్గర ఆమెకు అర్థమైంది. కొంగు నోట్లో కుక్కుకుంది.

వండని చింతపండు నీళ్లు, పొద్దంతా సీసం పూతకు ఆనుకొని ఉండటం, అందులో అన్నిటికంటే ఎక్కువ దిగే అడుగు భాగం, తాగేది పదిహేడు కిలోల పిల్ల. పెద్దవాళ్ల ఒంటికంటే పిల్లల ఒళ్లు సీసాన్ని ఎన్నో రెట్లు పట్టుకుంటుందని తర్వాత మేడం చెప్పింది. లెక్క తేలిపోయింది. వట్టి ఇత్తడిలో పులుపు పోయని జాగ్రత్తపరురాలు కాబట్టే లచ్చమ్మ మెరిసే గిన్నెను నమ్మింది. మా వైపు ఆడవాళ్లకు తరాలుగా తెలిసిన జాగ్రత్త అది. అందులో ఆమె తప్పేమీ లేదు.

"అవ్వా, కళాయిల పులుపు పొయ్యొచ్చన్నది అబద్ధం కాదు. గిది కళాయి కాదు, అంతే" అన్నాను. ఆమె తల ఊపింది కానీ మేఘనను ఒళ్లోంచి దించలేదు.

సోమన్న షెడ్డు బస్టాండ్ దారిలో ఉంది. ఒకప్పుడు ఇనుప పని, ఇప్పుడు ట్రాక్టర్ల రేడియేటర్లు అతుకుతాడు. విషయం చెప్పగానే లేచాడు.

"నేను ఇషం పెట్టిన్నా? పక్కింటి ముసలమ్మ అడిగితే ఏసిచ్చిన. అంటుకుంటది, మెరుస్తది, ఇంకేం గావాలె కళాయికి?"

"నీ కడ్డీ నీ చెవి దగ్గర వంచు సోమన్న." వంచాడు. ఏ చప్పుడూ లేదు. నా జేబులోది ఇచ్చాను. కిర్రుమంది. మళ్లీ తనది వంచాడు. ఏమీ లేదు. రెండు కడ్డీలనూ కింద పెట్టాడు.

"భాయ్, లచ్చమ్మదొక్కటే కాదు. మెరిసింది జూసి వాడకట్టంత వచ్చిన్రు."

"ఎన్ని?"

"యాదికి లేదు. మా వార్డుల సగం ఇండ్లు."

నాలుగిళ్లైతే తిరిగి అడగొచ్చు, సగం వార్డు ఎట్లా తిరగడం? మర్నాడు పొద్దున మునిసిపాలిటీ చెత్త ఆటో వచ్చింది. తడి చెత్త, పొడి చెత్త అని దాని మైకు అరుస్తూ ఉంటుంది. సోమన్న దాన్ని ఆపి, డ్రైవర్‌ను బతిమాలి, మైకు తానే పట్టుకున్నాడు.

"నేను రేడియేటర్ సోమన్నను. నేను కళాయేసిన గిన్నెలల్ల వండకుండ్రి, పులుసు పొయ్యకుండ్రి. దాంట్ల సీసమున్నది. తప్పు నాది. తెచ్చి నా షెడ్డుల ఇయ్యిండ్రి, మంచిగ చేపిచ్చి ఇస్త."

కిటికీలోంచి ఎవరో అరిచారు. "ఏం సోమన్నా, నిన్ను గూడ చెత్తల ఏసిన్రా?"

"ఏసిన్రక్కా. నీ గుండీ తీస్కొని రా" అన్నాడు.

నలభై ఏళ్ల పనిలో నేను చూసిన పెద్ద ధైర్యం అది. సాయంత్రానికి షెడ్డు ముందు ఇత్తడి కుప్ప పడింది. దవాఖాన మేడం కూడా వచ్చి ఒక గిన్నె పూతను ల్యాబుకు పంపింది, ఆ ఇళ్ల పిల్లలందరికీ, సోల్డర్ పొగ పీల్చే సోమన్నకూ రక్తపరీక్షలు చేయించింది. ఇంకో ఇద్దరు పిల్లల్లో సీసం తేలింది, ఇంకా కడుపునొప్పి దాకా రాలేదు. సోమన్న రక్తంలో మాత్రం మేఘనకంటే ఎక్కువ. పాత పూతను పిల్లలు తిరగని చోట, ముక్కుకు మాస్కులు కట్టుకొని తీశాం. తీసినదంతా డబ్బాలో పెట్టి మూత వేశాం. నా తగరంతో నేను కళాయి వేస్తుంటే సోమన్న తిత్తి ఊదాడు.

ల్యాబు కాగితం వచ్చాక మేడం ఫోన్ చేసింది. "యాకూబ్ గారూ, మీరు సుద్దముక్కతో వేసిన లెక్కా, మా మిషన్ లెక్కా ఒక్కటే అయినయి." ఆ మాట వీరాచారికి చెబితే, "నా కాంటా గురించి ఏమన్నదో జెప్పు" అన్నాడు. ఆ పొద్దంతా మా రెండు దుకాణాల్లోనూ పని సరిగ్గా సాగలేదు, వచ్చినవాళ్లందరికీ ఈ కథే చెబుతూ కూర్చున్నాం.

మేఘన అంకె మూడు నెలలకు ఇరవై ఒకటికి దిగింది. ఏడాదికి పది లోపలికి వచ్చింది. సీసం ఎముకల్లో దాక్కుంటుంది, వచ్చినంత తొందరగా పోదు. అందుకే మేడం ఇంకా చాలాకాలం చూస్తూనే ఉంది. కానీ బడికి పోతోంది, కొట్లాడుతోంది, నానమ్మ పచ్చిపులుసు తాగుతోంది. ఇప్పుడది మట్టికుండలో కలుపుతున్నారు. లచ్చమ్మ ఎంత పట్టుబట్టినా ఆ అలవాటు మానిపించలేకపోయింది.

మా కులవృత్తిలో గిరాకీకి చూపించేది ఎప్పుడూ మెరుపునే. గిన్నెను వెలుతురుకు తిప్పి, "చూడండి, వెండి" అంటాం. సీసం కలిపినా అట్లాగే మెరుస్తుందని నాకు ముందే తెలుసు, గిరాకీకి తెలియదని మాత్రం ఆ గుండీ వచ్చేదాకా తోచలేదు. అప్పటినుంచి కొలిమి రాజేసేముందు కడ్డీని గిరాకీ చెవి దగ్గర వంచుతాను. తొందరలో ఉన్నవాళ్లు, "నమ్మినం తీయి భాయ్, కానియ్యి" అంటారు.

"నమ్ముడు తర్వాత. ముందు ఇనుండ్రి" అంటాను.

మొన్న స్వరూప ఆ గుండీకే మళ్లీ కళాయికి వచ్చింది. వెంట మేఘన, ఇప్పుడు నా భుజం దాకా ఎదిగింది. నేను అడక్కముందే జుట్టు వెనక్కి తోసుకొని చెవి ఇచ్చింది. వంచాను. కళ్లు మూసుకొని విన్నది.

"ఏడుస్తుంది తాతా" అంది నవ్వుతూ. "ఇగ అంటియ్యి కొలిమి."