నా భుజమే సాక్షి

నేను మలికిపురం దగ్గర ఓ ప్రైవేటు స్కూల్లో తెలుగు టీచర్ని. కిందటేడు మా స్కూల్లో హాలోవీన్ జరిపారు. అందరూ నల్లబట్టల్లో రావాలన్నారు. పెత్తనమంతా ఇంగ్లీషు టీచరు సునీతగారిది. ఐర్లండులో పూర్వం ఆ రోజు ఆత్మలు తిరుగుతాయని దుంపలు తొలిచి దీపాలు పెట్టేవారనీ, ఆ ఆచారం అమెరికా చేరి గుమ్మడికాయకు మారిందనీ ఆవిడ చెబుతుంటే పిల్లలు నోళ్లు తెరుచుకుని విన్నారు. నా వ్యాకరణానికి ఆవలించడానికి తెరిచే నోళ్లే అవి! నా కడుపు భగ్గుమంది.

ఎర్ర గుమ్మడి దొరక్క, ఆవిడ బూడిద గుమ్మడికాయకే కళ్లూ పళ్లూ చెక్కారు. అందరూ భోజనాలకు వెళ్లగానే దాన్ని భుజానికెత్తుకుని ల్యాబులో బీరువా వెనక దాచేశాను.

మధ్యాహ్నం అందరం మైదానంలో చేరాక ప్రిన్సిపాల్‌గారు మైకులో అడిగారు. "గుమ్మడికాయ ఎవరు తీసేరండీ?"

నా చెయ్యి దానంతటదే భుజం మీదికి వెళ్లింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాడన్న సామెత ఆ వారమే నేను చెప్పిన పాఠం. తొమ్మిదో తరగతి మొత్తం ఒక్కసారే అరిచింది. "టీచర్‌గారండీ, భుజం!"

నల్లచీర మీద తెల్లటి బూడిద.

సునీతగారే వచ్చి రుమాలుతో దులిపారు. "దిష్టికి కట్టే కాయ కదండీ, ముందు మీ దిష్టే తీసేసింది," అన్నారు నవ్వుతూ.

"ఆయ్," అన్నాను. అంతకు మించి ఈ తెలుగు టీచరుకు తెలుగు రాలేదు.

తర్వాతి పరీక్షలో ఆ సామెతకు సొంతవాక్యం రాయమంటే, పిల్లలంతా నా పేరే రాశారు. అందరికీ పూర్తి మార్కులు వెయ్యక తప్పలేదు.