మా అత్త నోట హౌసు అరెస్టు

మొన్న టీవీలో ఒక నాయకుణ్ణి హౌస్ అరెస్ట్ చేశారని ఆయన మనుషులు రోడ్డెక్కి గోల చేస్తుంటే, నాకు మా అత్త గుర్తొచ్చింది. బడి మొహం చూడని మనిషి గానీ, ఆ మాటను ఆమె వాడినంత సరిగ్గా వాడినవాళ్లను నేనింతవరకు చూడలేదు.

ప్రొద్దుటూరు వీధుల్లో ఇష్టం వచ్చినట్లు తిరిగిన నేను, జమ్మలమడుగు పక్క పల్లెకు కోడలిగా పోయినవి ఫ్యాక్షను రోజులు. మా మామ ఊరి నాయకుడికి కుడిభుజం. పొద్దు వాలకముందే తలుపులకు గడియలు పడేవి, నీళ్లకు పోవాలన్నా వెనక ఒక మనిషి కర్ర పట్టుకుని వచ్చేవాడు. ఆంబోతుల కొట్లాటలో లేగల కాళ్లు విరిగాయని ఊరికే అన్నారా! అత్త పుట్టిల్లు పులివెందుల దగ్గర. అన్నదమ్ములు ఎదుటి పార్టీలో చేరారు గనుక, మంచం పట్టిన తల్లిని చూడడానికి కూడా ఆమెకు దారి మూసుకుపోయింది. అడిగినప్పుడల్లా మామ ఎన్నికలు కానీయ్ అనేవాడు. మా దిక్కు ఎన్నికలు ఎప్పుడైపోయాయి గనుక!

ఒకసారి ఎదుటి పార్టీ సభ ఉందని, పోలీసులు మామను గడప దాటనీయకుండా అరుగు మీద కానిస్టేబుళ్లను కూర్చోబెట్టారు. ఆ ఒక్క పొద్దుకే ఆయన కాలుగాలిన పిల్లిలా తిరుగుతూ, నా ఇంట్లో నన్నే కట్టేస్తారా అని ఒకటే రంకెలు. అత్త నన్ను వంటింట్లోకి పిలిచి, వాళ్లంటున్న ఆ ఇంగ్లీషు మాటకు అర్థమేమిటని అడిగింది. జైలుకు పంపకుండా మనిషిని సొంత ఇంట్లోనే ఉంచి, బయటికి పోకుండా కాపలా పెట్టడమని చెప్పాను. సంగటి గెలుకుతున్న ఆమె చెయ్యి ఆగిపోయింది.

"దీనికి పేరు కూడా ఉండాదా మే?"

తర్వాత సంగటి తీసుకుపోయి మామ ముందు పెట్టి, కానిస్టేబుళ్లు వింటుండగానే అనేసింది: "నీకు ఈ పొద్దొక్కటే గదయ్యా. నాకు పెండ్లయిన కాడి నుంచి హౌసు అరెస్టే. మాయమ్మను చూసొస్తా, ఇడిచిపెట్టు."

మామ ముద్ద ముట్టలేదు. సాయంత్రం పోలీసులు లేచిపోగానే చెప్పులేసుకుని బయటికి పోయాడు. ఎన్నికలు ముగియకముందే అత్త తల్లి పోయిందన్న కబురు వచ్చింది. కడసారి చూపుకు కూడా అత్తను పంపలేదు. పోయినవాళ్లను తిట్టకూడదంటారు గానీ, నాకు ఆయన మీద కోపం ఇప్పటికీ చావలేదు.

ఇప్పుడు మా దిక్కు ఆడపిల్లలు స్కూటీ మీద ఊళ్లు దాటి పోతుంటే చూసి సంతోషపడతాను, వెనకే అత్త గుర్తొస్తుంది. అప్పట్లో కొట్టుకున్న మా ఊరి నాయకుడూ, ఎదుటి పార్టీ నాయకుడూ తర్వాత ఒకే కండువా కప్పుకుని ఒకే వేదిక ఎక్కారు. రాజీ కుదిరిన మరుసటి రోజే మామ జీపు తెప్పించి, పద, మీ ఊరికి పోదామన్నాడు. బియ్యంలో రాళ్లు ఏరుతున్న అత్త తలెత్తలేదు.

"యాడికి పోయేది? ఆడ మాయమ్మ లేదు గదా."