నాగలి కర్ర, జీపు పట్టీ

డెబ్బైలు ముగింపుకొస్తున్న రోజుల్లో నేను జహీరాబాద్‌లో, బొంబాయి రోడ్డు మీద, లారీలకు కమాన్ పట్టీలు వేసే షాపులో పనిచేసేవాణ్ణి. బండి బరువు మోసే ఆ ఉక్కు పట్టీల్ని కొలిమిలో ఎర్రగా కాల్చి, వంచి, నూనెలో ముంచడం మా పని. బడికి చాలా ముందే సెలవు పెట్టాను. ఆ సెలవు ఇంకా ముగియలేదు.

మా నాన్నకు ఈ పని నచ్చలేదు. మొగుడంపల్లి వైపు మా ఊళ్లో జొన్న, కంది వేసే చేను ఉంది, ఎద్దులున్నాయి, వాటి వెనక నడిచే మనిషే లేడని ఆయన బాధ. ఆ వానాకాలంలో తేల్చేశాడు.

"దసరా దాక జూస్త. పండుగ దాటినంక గా షాపు మొకం జూస్తే కాళ్లు ఇరగ్గొడ్త. అచ్చి అరక వట్టు."

"కాళ్లు ఇరగ్గొడితే అరక ఎనక ఎట్ల నడుస్త నాయినా?"

చెప్పు వచ్చింది. నాకు తగల్లేదు, పక్కనున్న కోడి ఎగిరి పోయింది. గురి విషయంలో మా నాన్న ఎప్పుడూ అంతే.

మా ఊరికీ, పాల బండి ఆగే రోడ్డుకూ నడుమ వాగుంది. ఒడ్డు నుంచి ఒడ్డుకు తాడు కట్టి, దాని మీద గిలకతో పాల క్యాన్లు దాటించేవాళ్లం. కానీ పెద్ద వరద వచ్చినప్పుడల్లా ఏదో ఒక చెట్టు కొట్టుకొచ్చి తాడు తెంపేది. నీళ్లు తగ్గేదాకా మళ్లీ కట్టడానికి అవతలికి పోయేదెవరు? పాలు విరిగిపోయేవి. ఊరి కుక్కలు లావయ్యేవి.

అందుకే నాన్నతో పందెం కాశాను. "వాగు పొంగినప్పుడు నేను దాటకుంట తాడు అవతలికి పంపిస్త. పంపితే షాపుల ఉండనియ్యాలె. లేకుంటే అరక వడ్త."

"ఎట్ల పంపుతవ్? పోస్టులనా?" అని నాన్న నవ్వి ఒప్పుకున్నాడు.

మొదట వెదురు విల్లు చేశాను, దారం అవతల పడితే దాని వెంట తాడు లాక్కోవచ్చని. దారం కట్టిన ఇనుప చువ్వను అది నా కాళ్ల ముందే పడేసింది. షాపు యజమానిని మేం ఉస్తాద్ అనేవాళ్లం. ఆయన బీడీ తీసి అన్నాడు, "అరే, వాగు సంగతి తర్వాత. ముందు షాపు ముంగటి మురికి మోరీ దాటియ్యి."

అప్పుడు తుక్కులోంచి జీపు పట్టీ ఒకటి, అన్నిటికంటే పలచనిది తీశాను. చివర్లు గ్రైండర్ మీద దింపి, కాల్చి, పాత ఇంజన్ ఆయిల్‌లో ముంచి, మళ్లీ కొంచెం కాక చూపించాను. అలా చూపించకపోతే ఉక్కు గాజులా పగులుతుంది. వింటి తాడుగా స్కూటర్ బ్రేకు వైరు కట్టాను. దాన్ని చేత్తో లాగడం ఎవరి తరమూ కాలేదు. సైకిలు పెడలు, గొలుసు బిగించి, తిప్పితే వైరు వెనక్కి వచ్చేలా చేశాను. వీటన్నిటినీ మోసే కర్ర మా ఇంటి చూరు కింద దొరికింది. ఏ కర్రో నాన్నకు చెప్పలేదు.

అసలు తిప్పలు, లాగిన వైరును పట్టి ఉంచే గొళ్లెం దగ్గర. మామూలు కొక్కేనికి వైరు తగిలిస్తే, లాగుడుకు అది బిగుసుకుని సుత్తితో కొట్టినా వదిలేది కాదు. చివరికి చిన్న ఉక్కు చక్రం అమర్చాను. పైన గాడిలో వైరు, కింద గంటులో ఒక మీట. వైరు చక్రాన్ని తిప్పాలని చూస్తుంది, మీట ఆపుతుంది. మీట నొక్కగానే చక్రం గిర్రున తిరిగి వైరును వదిలేస్తుంది. నలుగురు గుంజే బలం ఒక్క వేలి కింద!

షాపు వెనక కొట్టి చూస్తే చువ్వ తారు డ్రమ్ములోంచి అవతలికి దూసుకుపోయింది. ఉస్తాద్ ఆ బొక్కలో వేలు పెట్టి చూశాడు. "బేటా, దీని మూతి జర రోడ్డు దిక్కు వెట్టకు. లారీలు రిపేరుకు రావాలె, పారిపోవద్దు."

పండుగ ముందు రోజు విల్లు ఇంటికి చేర్చాను. వాగు కూడా నా పందెం విన్నట్టుంది. తెల్లారేసరికి పొంగి, తాడును తెంపుకుపోయింది.

ఊరంతా ఒడ్డుకు చేరింది. అవతలి ఊళ్లో ఉండే మా బావ, అంటే అక్క మొగుడు, అటు ఒడ్డున నిలబడ్డాడు. విల్లును ఎడ్లబండి మీద బిగించాం. నాన్న దాని చుట్టూ ఒకసారి తిరిగి ఆగిపోయాడు.

"అరే, గిది నా పాత నాగలి కర్ర గాదుర?"

"నాగలి వట్టుమంటివి గద నాయినా. వట్టిన."

పెడలు తిప్పి వైరు ఎక్కించాను. చువ్వ పెట్టాను. మీట నొక్కాను.

ఏమీ కాలేదు. మళ్లీ నొక్కాను. విల్లు మంకుపట్టు పట్టినట్టు అలాగే ఉంది.

"ఓ బామ్మర్దీ!" బావ అవతలి నుంచి అరిచాడు. "తాడు అస్తదా, నన్నే ఈదుకుంట రమ్మంటవా?"

నాన్న నా చెవి దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు, "ఎద్దులకు కుడితి వెట్టుడు నేర్సుకో."

ఒంగి గొళ్లెంలోకి చూశాను. చక్రం చుట్టూ ఎర్రటి ముద్ద. అర్థమైంది. దసరా పొద్దున కొడవళ్లు, గడ్డపారలు కడిగి వరసగా పెట్టి పసుపు కుంకుమ పెట్టడం మా అమ్మకు అలవాటు. ఈసారి వరసలో నా విల్లు కూడా కూర్చుంది.

"అమ్మా, దీనికి ఎంత బొట్టు వెట్టినవే?"

"నీ సామాను గదా అని నిండుగ వెట్టిన బిడ్డా. నూనెల కలిపి మరీ వెట్టిన, రాలొద్దని."

రాలలేదు. గొళ్లెమంతా పట్టేసింది.

పెడలు వెనక్కి తిప్పి వైరు వదులు చేశాను. ఎవరింట్లోంచో లాంతరు తెప్పించి, కిరసనాయిలు పోసి, వేపపుల్లతో గీకి, తువ్వాలుతో తుడిచాను. జనం సలహాలు ఇస్తూనే ఉన్నారు. మళ్లీ ఎక్కించాను. నొక్కాను.

ఠంగ్! చేటలో చుట్టలుగా పేర్చిన నైలాన్ దారం బుస్సున లేచింది. చువ్వ వాగు దాటింది, బావ నెత్తి మీంచి పోయి వెనక గట్టులో దిగబడింది. బావ నేల మీద బోర్లా పడ్డాడు. చెప్పు వెతుక్కోవడానికి ఒంగానని ఇప్పటికీ చెప్తాడు.

బావ లేచి దారం లాగితే, దాని వెంట తాడు పోయింది. తాడు మీద గిలక, గిలక కింద పాల క్యాన్. అది ఊగుతూ అటు ఒడ్డు చేరేసరికి ఈలలు, కేకలు. ఎవరో డప్పు అందుకున్నారు.

క్యాన్ తిరిగొచ్చింది. మూత తీస్తే నిండా జమ్మి ఆకు! జమ్మి చెట్టు అవతలే ఉంది. దసరాకు బంగారమని పెద్దవాళ్ల చేతిలో పెట్టి మొక్కే ఆ ఆకు ఈ ఏడు దొరకదనుకున్నాం. బావ కోసి పంపాడు.

గుప్పెడు ఆకు నాన్న చేతిలో పెట్టి కాళ్లకు మొక్కాను. ఆయన ఆకును చూశాడు, తాడును చూశాడు, తన నాగలి కర్రను చూశాడు.

"వాగు దిగంగనే షాపుకు పో," అన్నాడు. "ఎద్దుల సంగతి నేను జూస్కుంట."

నేను నోరు తెరిచేలోపు నన్ను పక్కకు నెట్టి, పెడలు మీద చెయ్యి వేశాడు.

"జర జరుగు. ఇంకోపారి నేను గొడ్త."

అవతలి ఒడ్డు నుంచి అది చూశాడు మా బావ. మామ గురి సంగతి తెలిసినవాడు. ఈసారి చెప్పులు అక్కడే వదిలేసి పరుగెత్తాడు.