ఒక్క మోటారు చప్పుడు

కరెంటు పోతే ఇప్పుడు నేను కంగారు పడను. ఆ నెమ్మది నాకు ఊరికే రాలేదు, పరువు పోగొట్టుకుంటే వచ్చింది.

గూడూరు దగ్గర అడవి అంచున మా ఆరు బోర్లకు ఒకటే ట్రాన్స్‌ఫార్మర్. వంతులవారీగా కరెంటిచ్చే రోజుల్లో అందరం ఆటో స్టార్టర్లు పెట్టుకున్నాం. కరెంటు రాగానే మోటారు దానంతటదే నడుస్తుంది, మనిషి వెళ్లనక్కర్లేదు. తర్వాత రోజంతా కరెంటు ఉంటున్నా ఎవరమూ వాటిని తీయలేదు. మనం తీస్తే పక్కవాడి బోరు నీళ్లన్నీ లాగేస్తుందని భయం. నాకైతే మాతో పాటు బోర్లున్న తండావాళ్ల మీద మరీ అనుమానం. ఎందుకని అడిగితే చెప్పడానికి కారణం మాత్రం లేదు.

పోయిన యాసంగిలో వరి పొట్టకొచ్చిన వారం, పోయిన కరెంటు తిరిగి రాగానే ఆరు మోటార్లూ ఒక్కసారే అందుకున్నాయి. ఆ లోడుకు ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. మానుకోట పట్నంలో బాగుచేయించి తెచ్చేసరికి మడి నెర్రెలు బారింది. పంట పోయినట్టేనని నాకు అన్నం సహించలేదు.

ట్రాన్స్‌ఫార్మర్‌ను తిరిగి బిగించిన రోజు, నా పక్క మడి చేసుకునే తండా అక్క తన ఆటో స్టార్టర్ పీకి తెచ్చి మా ముందు పెట్టింది.

"నాదైతే తీసిన. మీరు తీస్తరో, మళ్ల కాలవెట్టుకుంటరో మీ ఇష్టం."

సిగ్గుపడి అందరూ తెచ్చారు. నేనూ తెచ్చాను, ఎప్పుడో పాడైన పాతది. అసలుది బోరు దగ్గరి స్టార్టర్ పెట్టెలో అలాగే ఉంచి తాళం వేశాను.

మూడో రోజు మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది. అక్కా నేనూ గట్టు మీదే ఉన్నాం. ఎవరి మోటారూ కదల్లేదు. నాదొక్కటే బుర్రుమంది. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఏంది తమ్మీ, నీ మోటరుకు గింత తొందరేంది?" అని నవ్వింది అక్క. ఆ మాట మిగతావాళ్ల చెవిన వేయలేదు.

అప్పటికప్పుడు ఆ ఆటో స్టార్టర్‌ని పీకేశాను. పెట్టెకు తాళం వేయడం కూడా మానేశాను. ఆ పంట చేతికొచ్చింది.

మొన్న జ్వరంతో పడుకుని ఉంటే ఇంట్లో ఫ్యాను ఆగి, మళ్లీ తిరిగింది. బోరు దగ్గరికి పోదామని లేవబోతుంటే ఫోను మోగింది.

"లేవకు తమ్మీ. నీ మోటరు నేనేసిన. పండుకో."

హాయిగా పడుకున్నాను.