కొండబాబు కెమెరాకి దొరికిన నల్లగీత

కోటబొమ్మాళి స్టేషన్ రోడ్డులో స్టూడియో నడిపే కొండబాబుకి ప్రతిదీ ఎదుటివాళ్ళకి విడమరిచి చెప్పే జబ్బు ఉంది. పాస్‌పోర్టు ఫొటోకి వచ్చిన రైతు కూడా, కెమెరా సెకనుకి ఎన్ని బొమ్మలు తీస్తుందో, తెర సెకనుకి ఎన్నిసార్లు వెలుగుతుందో వినకుండా బయటపడలేడు. మొదటిది ఫ్రేమ్ రేటు, రెండోది రిఫ్రెష్ రేటు. మా ఊళ్ళో ఈ రెండు ముక్కలూ రానివాళ్ళు లేరు. నాకూ అడక్కుండానే వచ్చాయి. అయినా పెళ్ళంటే అందరూ అతన్నే పిలుస్తారు, ఎవరి మొహమూ వదలకుండా తీస్తాడని.

2017 వేసవిలో సూరయ్య కూతురు నీలవేణికి రాజాం సంబంధం కుదిరింది. సూరయ్య వరి రైతు, కొండబాబుకి వరసకి బావ. అప్పటికి మా వైపు ఎల్ఈడీ తెర కొత్త మోజు. నిశ్చితార్థానికి ధనరాజు అనే అతను రాజాం నుంచి తెచ్చి, వేదిక వెనక ఇంటి గోడంత తెర నిలబెట్టాడు. దాని మీద నీలవేణి ఫొటో పెద్దగా వేశారు. జనం ఎదుట కూర్చున్న పిల్లని వదిలేసి తెర మీది పిల్లనే చూశారు.

వారం తిరక్కుండా కొండబాబు తీసిన వీడియో పెళ్ళికొడుకు ఇంటికి చేరింది. ఇంటిల్లిపాదీ టీవీ ముందు కూర్చున్నారు. వేదిక వచ్చింది, తెర వచ్చింది. తెర మీది నీలవేణి మొహం మీదుగా నల్లటి గీత ఒకటి గడ్డం దగ్గర మొదలై నుదుటిదాకా పాకింది. మళ్ళీ గడ్డం దగ్గర మొదలైంది. పెళ్ళికొడుకు నాయనమ్మ చిన్నతల్లి లేచి నిలబడింది.

"ఆ పిల్ల మొకం మీద ఏటో పాకుతన్నాది. ఈ సంబంధం మనకొద్దు."

చుట్టాలందరి ముందూ అనేసింది. కబురు విన్న సూరయ్య పరుగున స్టూడియోకి వచ్చాడు.

"ఏట్రా కొండా ఇది? నీ కెమెరా నా కూతురు పెళ్ళిని మింగేత్తన్నాదిరా!"

"నా కెమెరాకేటి బావా, తప్పు ఆ తెరది. నాను సెప్తాను కదా ఆలకి," అని కొండబాబు బస్సెక్కి రాజాం వెళ్ళాడు. అతనికి భయం కన్నా ఉత్సాహమే ఎక్కువగా ఉందని నా అనుమానం.

చిన్నతల్లి ఎదుట కూర్చుని ఓపిగ్గా చెప్పాడు. తెర ఒక్కసారిగా వెలగదు, వరస తరవాత వరస వెలుగుతూ ఆరుతూ ఉంటుంది. మన కన్ను అది పట్టలేదు. కెమెరా కన్ను చటుక్కున మూసుకుంటే, ఆరిన వరసలు చీకటిగా పడతాయి, అదే గీత. నమ్మకం కలగడానికి, వాళ్ళింట్లో నడుస్తున్న పాత డబ్బా టీవీని తన ఫోన్ కెమెరాలోంచి చూపించాడు. సీరియల్లో ఏడుస్తున్న కోడలి మొహం మీద కూడా గీతలు పాకుతున్నాయి.

చిన్నతల్లి ఫోన్లోకి చూసింది, టీవీకేసి చూసింది. "కంటికి అగుపడంది మిసనుకి అగుపడిందంటే, అదే కదరా దిష్టి! ఆ సీరియల్ కోడలికి అందుకే అన్ని కష్టాలు."

కొండబాబు మళ్ళీ మొదటినుంచి చెప్పుకొచ్చాడు. చివరికి ఆమే ఒక దారి చెప్పింది. పసుపు దంచే రోజున అదే తెర, అదే కెమెరా పెట్టాలి. గుమ్మడికాయతో దిష్టి తీస్తారు. గీత పోతే పెళ్ళి, లేకపోతే లేదు.

ముందురోజు కొండబాబు ధనరాజు షెడ్డుకి వెళ్ళి, తెర వెలిగించి, కెమెరా పెట్టి చూసుకున్నాడు. గీత కనిపించింది. కెమెరా చక్రం తిప్పి, దాని కన్ను కాస్త ఎక్కువసేపు తెరిచి ఉండేలా పెట్టాడు. గీత మాయమైంది. తెర తప్పేమీ లేదు. ఊరందరికీ పాఠం చెప్పిన మనిషి నిశ్చితార్థం రోజు తన కెమెరాని తానే సరిచూసుకోలేదు. సిగ్గుతో అతనికి అన్నం సహించలేదు. కానీ ఆ మాట ఎవరితోనూ అనలేదు.

పసుపు రోజు కెమెరాకి తగిలించిన చిన్న టీవీలో గీత శుభ్రంగా పాకుతోంది. కొండబాబు చక్రాన్ని మళ్ళీ పాత చోటికే తిప్పి ఉంచాడు. చిన్నతల్లి కుర్చీ తెప్పించుకుని అతని పక్కనే కూర్చుంది. కర్పూరం వెలిగించిన గుమ్మడికాయని తెరకి దగ్గరగా తిప్పుతుంటే ధనరాజుకి పైప్రాణాలు పైనే పోతున్నాయి.

"కాస్త దూరంగా తిప్పండి బాబూ, వైర్లు కాలిపోతాయి!"

కాయ నేలకేసి కొట్టారు. అదే క్షణంలో చిన్న టీవీలో గీత పోయింది. పందిరంతా గోలయిపోయింది. సూరయ్య బావురుమన్నాడు. నీలవేణి రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

పెళ్ళి జరిగింది. భోజనాల దగ్గర చిన్నతల్లి కొండబాబుని పక్కన కూర్చోబెట్టుకుంది.

"అందరూ గుమ్మడికాయని సూసినారు. నాను నీ బొటనేలిని సూసినాను."

కొండబాబుకి ముద్ద గొంతులో అడ్డం పడింది.

"మంచినీళ్ళు తాగు. నలుగుర్లో అనేసిన మాట ఎనక్కెలా తీసుకుంటాను, సెప్పు? కాయ బద్దలయ్యింది, నా మాటా నిలబడ్డాది, నీ కెమెరా పరువూ నిలబడ్డాది. ఈ సంగతి ఎవులితో అనీకు."

ఏళ్ళ తరవాత ఒక్క నాతో తప్ప అతను ఎవరితోనూ అనలేదు. నీలవేణితో కూడా అనలేదు. ఆమెతో చెప్పాలని ఆ ఇద్దరికీ తోచనే లేదు.

పెళ్ళి వీడియో నేను చూశాను. తెర మీద ఎక్కడా ఒక్క గీత లేదు. కెమెరా తన వైపు తిరిగినప్పుడల్లా నీలవేణి మాత్రం ఏదో పాకుతున్నట్టు పైటచెంగుతో చెంప తుడుచుకుంటూ ఉంటుంది.