నల్ల సాక్సు

చెప్పులు బయటే విడవాలని గేటు దగ్గర మనిషి అనగానే వెనక్కి తిరిగిపోదామనుకున్నాను. పాతబస్తీలో ఒక పాత దేవిడీ, నవాబుల నాటి బంగళా అది. పెద్ద హాలు, తెల్లటి పాలరాతి నేల. వందేళ్ళ కిందట మంచు ధ్రువాలకి పోయినవాళ్ళు తీసిన ఫొటోలు అక్కడ పెట్టారు. మా ఆవిడ సర్కారు బడిలో సోషల్ చెబుతుంది. పిల్లల్ని తీసుకొచ్చే ముందు తాను ఒకసారి చూసుకోవాలని నన్ను వెంటేసుకొచ్చింది.

చెప్పులు విడిచాను గానీ సాక్సులు విడవలేదు. ఇంత ఎండల్లో నల్ల సాక్సులేమిటని ఆమె అప్పటికే పదిసార్లు అడిగింది. మడమలు పగిలాయని చెప్పాను.

అది అబద్ధం. మూడు వారాల కిందట మా గల్లీ గుడిలో ఉత్సవానికి పోయాం. మిట్టమధ్యాహ్నం, బండలు పెనంలా కాలుతున్నాయి. అందరూ గంతులేసుకుంటూ నీడలోకి పరుగెత్తారు. నేను మాత్రం పెళ్ళికొడుకులా నింపాదిగా మూడు చుట్లు తిరిగాను. బస్సు డిపోలో ముప్పై ఏళ్ళు ఇంజన్ల కింద దొర్లిన ఒళ్ళు, దీనికేం కాలుతుందని మీసం దువ్వుకున్నాను కూడా.

మర్నాడు స్నానం చేస్తుంటే కుడి బొటనవేలి కింద బొబ్బ కనిపించింది. రెండు రోజులకి అది పగిలి పుండైంది. నాకు పన్నెండేళ్ళుగా షుగర్. అయినా రోజూ స్నానాల గది గడియ పెట్టుకుని, పసుపు అద్ది, గుడ్డ చుట్టి, పైన సాక్సు తొడుగుతున్నాను. నొప్పి లేదు కాబట్టి అదే మానుతుందని నాకు నేనే చెప్పుకున్నాను. మా అన్నకి కూడా షుగరే. వేలి దగ్గర మొదలై, ఆఖరికి మోకాలి దాకా తీసేశారు. అది గుర్తొస్తే చాలు, పుండు వైపు చూడకుండా గబగబా సాక్సు లాగేసేవాణ్ణి.

ఫొటోల కింద ఇంగ్లీషులో ఉన్న రాతల్ని మా ఆవిడ తెలుగులో చెబుతూ నడిచింది. బడి అలవాటు, గొంతు తగ్గించడం రాదు. మంచులో ఇరుక్కుని ఒరిగిపోయిన ఓడ ఉంది. బండి లాగే కుక్కలున్నాయి. గడ్డాలకి మంచు గడ్డకట్టిన మనుషులున్నారు, ఒక్కడి మొహంలోనూ నవ్వు లేదు. బయట తారు కరిగే ఎండ. నాకేమో ఆ కళ్ళన్నీ నా కాళ్ళనే చూస్తున్నట్టుండి చెమట పట్టింది.

ఒక ఫొటో దగ్గర ఆమె ఆగింది. పెట్టె మీద ఒకాయన కూర్చున్నాడు. ఒక కాలికి బూటు, రెండో కాలికి గుడ్డ చుట్టి ఉంది. పక్కనున్నవాళ్ళెవరూ ఆ కాలు వైపు చూడడం లేదు.

"వేళ్ళు మొద్దుబారినా ఎవ్వలకు చెప్పలేదంట," అంది మా ఆవిడ. "నొప్పి లేదు గద, తక్కువైందనుకున్నడంట. బూటు ఇప్పేసరికి వేళ్ళు నల్లగైనయంట."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు కుడికాలు వెనక్కి జరుపుకున్నాను. ఈ వయసులో చెప్పుకోడానికి సిగ్గే గానీ, ఏడుపొచ్చేంత భయమేసింది. ఇంటికి పోదామన్నాను. చూస్తే, ఆమె కళ్ళు నేల మీద ఉన్నాయి.

నేనూ చూశాను. గుమ్మం నుంచి మేం నిలబడ్డ చోటి దాకా, అడుగు విడిచి అడుగు, తెల్లటి పాలరాతి మీద తడి మరకలు. కొంచెం పసుపు, కొంచెం ఎరుపు. పసుపు నేను పొద్దున అద్దిందే. అన్నీ కుడికాలివే. అన్ని అడుగులు వేశాను, ఒక్కటైనా నాకు తెలియలేదు.

తిడుతుందనుకున్నాను. తిడితే కాస్త ధైర్యంగా ఉండేది. ఆమె నన్ను గోడవారగా ఉన్న కుర్చీలో కూర్చోబెట్టి, తాను నేల మీద కూర్చుని, నా కాలు ఒళ్ళోకి తీసుకుంది. సాక్సు పుండుకి అతుక్కుపోయింది. మెల్లగా ఊడదీస్తోంది. నాకేమీ తెలియడం లేదు. కాలు చూసే ధైర్యం లేక ఆమె మొహమే చూస్తూ కూర్చున్నాను. ఆ మొహంలో రంగు పోయింది.

"నొప్పి లేదు," అన్నాను.

ఆమె తలెత్తలేదు.

"మీ అన్న గూడ గదే అన్నడు."