నడిమి అర్ర మీద అద్దం

జనగామ బజారులో మా అత్తగారి ఇల్లు రైలు పెట్టెలా పొడుగ్గా ఉండేది. ముందు కిరాణా దుకాణం, దాని వెనుక నడిమి అర్ర, ఆ వెనుక వంటిల్లు, చివర బావి ఉన్న చిన్న పెరడు. రెండు పక్కలా పక్కిళ్ల గోడలే మా గోడలు. నడిమి అర్రకు కిటికీ పెట్టే వీలే లేదు.

అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం వల్ల బడులు మూతపడి నా చదువు మధ్యలో ఆగింది. బడి మళ్లీ తెరిచేసరికి పెళ్లి కుదిరింది. నర్మెట్ట పక్క పల్లెలో, ఎటు తిరిగినా ఎండ పడే ఇంట్లో పెరిగినదాన్ని. ఇక్కడికొచ్చాక పట్టపగలు గోడ తడుముకుంటూ నడవడం నేర్చుకున్నాను. బల్బు వేస్తే మా ఆయన దుకాణంలోంచే కేకేసేవారు, పగటిపూట కరెంటు ఎందుకని. వేయకపోతే బియ్యంలో రాళ్లు కనిపించేవి కావు.

కొన్నేళ్లకు ఒక మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు, మా అత్తమ్మ చెంబుతో నీళ్లు తెస్తూ గడప తట్టుకుని పడింది. తుంటి ఎముక విరిగింది. వరంగల్ దవాఖానలో చాలా రోజులున్నాం. ఇంటికైతే తెచ్చుకున్నాం గాని ఆమె మళ్లీ లేచి నిలబడలేదు. దుకాణంలో మనుషులు, వంటింట్లో పొగ. మంచం వేయడానికి మిగిలింది ఆ నడిమి అర్రే.

అప్పటి నుంచి నా రోజులన్నీ ఒక్కలాగే ఉండేవి. ఆమె ఒళ్లు తుడవాలి, పుండ్లు పడకుండా ఇటూ అటూ తిప్పాలి, గుడ్డలు ఉతకాలి, మధ్యలో పొయ్యి చూసుకోవాలి. చీకట్లో ఆమె వీపు మీద ఎక్కడ ఎర్రబడిందో కనిపించక వేళ్లతో తడిమి చూసేదాన్ని. నేను తడిమినప్పుడల్లా ఆమె, "జర మెల్లగ, బిడ్డా," అనేది. నాకు విసుగొచ్చేది. ఆ విసుగు ఆమెకు తెలిసేది.

పెంకుల మీద కోతులు దూకి దూకి ఇల్లంతా కారడం మొదలయ్యాక, మా ఆయన స్లాబు వేయిద్దామన్నారు. సిమెంటు పర్మిట్ల మీద దొరికే కాలం. బస్తాలు చేతికందిన రోజే, దుకాణం మీదివి వదిలి మిగతా పెంకులు దింపించారు. అత్తమ్మను కొన్నాళ్లు మానుకోటలో మా ఆయన అక్క, మా వదినె దగ్గర ఉంచుదామంటే అత్తమ్మే ఒప్పుకోలేదు. మంచాన్ని దుకాణంలో పప్పుల బస్తాల మధ్యకు మార్చాం.

కప్పు లేకుండా ఉన్న ఆ రోజుల్లోనే మేస్త్రి వచ్చి అడిగాడు. "సేటూ, వెలుగు కోసం మీద అద్దాలు పెట్టిస్తరా? ఎన్ని పెట్టాలె, ఎంత పెద్దగ పెట్టాలె ఇప్పుడే చెప్పుండ్రి. స్లాబు పోసినంక నాతోని కాదు."

"ఒక్కటి చాలు. అడుగుకు అడుగు," అన్నారు మా ఆయన.

"గదేం సరిపోతది? మంచం కూడ కనపడది," అన్నాను.

మంచం మీంచి అత్తమ్మ కేకేసింది. "ఒక్కటి గూడ వద్దు! మీద కంతలు పెడితే దొంగలకు తొవ్వ సూపినట్టే. వాన గూడ నా మీదనే కారుతది."

తల్లిని చూడడానికి వచ్చిన వదినె మరో భయం పెట్టింది. "మా మానుకోట ఇంట్ల మూడు పెట్టించినం తమ్మీ. ఎండకాలం లోపట ఉడికి సచ్చినం. నా మాట ఇను, ఒక్కటే పెట్టు, గది గూడ చిన్నది."

ఎవరి మాట వాళ్లదే. మేస్త్రి రోజూ వచ్చి అడిగి పోయేవాడు. వానకాలం మొదలైతే సిమెంటు గడ్డకడుతుందని మా ఆయన పరేషాన్. నేను మాట్లాడటం మానేశాను. ఊరికే వాదించే ఓపిక నాకు లేదు.

ఒక ఉదయం స్నానం చేయించడానికి అత్తమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, మా ఆయనా నేనూ పెరట్లోకి మోసుకుపోతున్నాం. నడిమి అర్రలోకి రాగానే, "జర ఆగుండ్రి," అన్నది. కుర్చీ దించాం. పైన ఆకాశం. మూలల దాకా ఎండ. ఆమె గోడలను, గూళ్లను, పాత మేకులను ఒక్కొక్కటీ చూసింది.

"గింత పెద్దగున్నదా గీ అర్ర?" అన్నది. "నా పిల్లలందరు ఈడనే పుట్టిండ్రు. గా గోడ నీలం రంగని నాకు తెల్వనే తెల్వదు."

మా ఆయన తల వంచుకుని నిలబడ్డారు.

"పెట్టియ్యి కొడుకా. పెద్దదే పెట్టియ్యి," అన్నది.

ఆ సాయంత్రం మా ఆయన నన్నే అడిగారు. "పొద్దంతా గీడ ఉండేదానివి నువ్వే గదా. చెప్పు, ఎన్ని?"

అలా అడగడం అదే మొదటిసారి. సంతోషించాల్సింది. కానీ అప్పుడే గుడ్డలు ఉతికి వచ్చాను, నడుము లాగుతోంది. గోడకు ఆనుకునే చెప్పాను. "రెండు. పొయ్యి మీద అడుగు అద్దం, నడిమి అర్రల రెండడుగులది. మంచం నెత్తి మీద కాదు, కాళ్ల దిక్కు. కింద ఇనుప జాలీ పెట్టియ్యుండ్రి, అత్తమ్మకు దొంగల భయం లేకుంట."

అలాగే చేయించారు. స్లాబు పోసే సెంట్రింగు చెక్కల మీద పెట్టెలు పెట్టి కంతలు వదిలారు. తర్వాత వాటి చుట్టూ గట్టు కట్టి, మందపాటి అద్దాలు బిగించారు. చలికాలమంతా బాగుంది. ఆమె వీపును కళ్లతో చూసి మందు రాయగలిగాను. ఆమె కూడా గోడ మీది నీలాన్ని చూస్తూ పడుకునేది.

ఎండాకాలం వచ్చాక వదినె చెప్పింది నిజమైంది. మధ్యాహ్నమయ్యేసరికి చతురస్రం లాంటి ఎండ అత్తమ్మ కాళ్ల మీదికి వచ్చేది, అక్కడి నుంచి మోకాళ్ల మీదికి జరిగేది. మంచం గోడ వైపు జరపాలి, ఎండ పోయాక మళ్లీ వెనక్కి లాగాలి. ఉన్న పనులకు ఇంకొకటి తోడైంది. చివరికి మా ఆయన నిచ్చెనెక్కి అద్దం మీద సున్నం పూశారు. వెలుగు పాలలా పలచబడి వేడి తగ్గింది. తొలి వానలకు సున్నం కడుక్కుపోయేది. అద్దం అంచున కాస్త కారితే కింద గిన్నె పెట్టేదాన్ని. ప్రతి ఏడాదీ అంతే.

అలా కొన్నేళ్లు గడిచాక అత్తమ్మ ఒక చలికాలం పొద్దున, నేను టీ తెచ్చేలోగా వెళ్లిపోయింది. కళ్లు తెరిచే ఉన్నాయి, నేనే మూశాను.

దినాలైపోయి చుట్టాలంతా వెళ్లాక మంచం పెరట్లోకి తీశారు. ఆ మధ్యాహ్నం చేయడానికి ఏ పనీ గుర్తు రాలేదు. ఖాళీ అర్రలో చాప పరచుకుని ఎండ పడేచోట పడుకున్నాను. మా ఆయన దుకాణంలోంచి వచ్చి, "ఒంట్ల మంచిగ లేదా?" అని అడిగారు.

"ఉన్నది. జర పండుకుంట," అన్నాను.

ఆయన దర్వాజా దగ్గరగా వేసి వెళ్లారు. పొద్దుగూకేదాకా నిద్రపోయాను.